సముద్రం కనపడే గది

సముద్రం ఒడ్డున హోటల్ అనగానే మీకేం గుర్తొస్తుంది చెప్పండి? తెల్లటి కర్టెన్లు, బాల్కనీలో రెండు కుర్చీలు, గ్లాసు అంచుకి గుచ్చిన నిమ్మచెక్క, ఎదురుగా నీలంగా సముద్రం... నాకూ అదే గుర్తొచ్చేది, 2024 జనవరి దాకా. ఆ సంక్రాంతి వెళ్ళాక విశాఖపట్నం - భీమిలి రోడ్డు మీద ఒక రిసార్టులో రెండు రాత్రులున్నాం. హోటలు పేరు మాత్రం చెప్పను. వాళ్ళు మరీ చెడ్డవాళ్ళేం కాదు. పైగా ఇలాంటివి ఏ ఊళ్ళో అయినా జరిగేవే. మీరూ ఎప్పుడో ఒకప్పుడు పిల్లల్నో పెద్దవాళ్ళనో తీసుకుని వెళతారు కదా, అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు మేం ఎందుకెళ్ళామో చెప్పాలి. మాది కరీంనగర్. మా అత్తమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు. నలభై ఏళ్ళు బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఒళ్ళో చాట పెట్టుకుని ఒకే చోట కూర్చుని కూర్చుని రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. 2015 పుష్కరాలకి ధర్మపురి తీసుకెళితే, మెట్ల మీద కూర్చుని చెంబుతో స్నానం చేస్తూ "గీ గోదారి గిట్లనే యాడిదాక పోతది బిడ్డా?" అనడిగింది. సముద్రంలో కలుస్తుంది అత్తమ్మా అన్నాను. "నేనది సూడకనే పోతనా ఏంది?" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ మాట నాకు తొమ్మిదేళ్ళు చెవిలోనే ఉండిపోయింది.

ఈ ప్రయాణానికి ముందటేడు చివర నా చిట్టీ చేతికొచ్చింది. ఫ్రిజ్ మార్చాలనుకున్న డబ్బులవి. పుణెలో ఉన్న మా అబ్బాయి ఫోన్‌లోనే గది బుక్ చేశాడు. సముద్రం వైపు గదికి రాత్రికి ఏడు వేలు, వెనక వైపుకి ఐదున్నర. "పడుకోవడానికే కదమ్మా, వెనక గది తీసుకోనా?" అన్నాడు. వద్దన్నాను. అత్తమ్మ ఇసుకలో నాలుగడుగులు కూడా వేయలేదు. ఆవిడ సముద్రం చూడాలంటే కూర్చున్న చోట నుంచే చూడాలి. ఆ పదిహేను వందల కోసమే కదా మా ప్రయాణమంతా!

వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగాం. రిసార్టుకి వెళ్ళగానే పూలదండలు, కొబ్బరినీళ్ళు. అంతా బాగుంది. మధ్యాహ్నం గది తలుపు తీసి నేను చేసిన మొదటి పని కర్టెన్ లాగడం. ఎదురుగా జనరేటర్ షెడ్డు, పక్కన తీగల మీద ఆరేసిన హోటలు దుప్పట్లు, వాటి వెనక ఒక కొబ్బరిచెట్టు. అత్తమ్మ మంచం మీద కూర్చుని ఆయాసం తీర్చుకుని, "సముద్రం యాడుంది బిడ్డా?" అంది. "అటు పక్కనుంది అత్తమ్మా, చప్పుడు వినపడట్లేదూ?" అన్నాను. ఆవిడ చెవి రిక్కించి విని, సరే అన్నట్టు తలూపింది. అదిగో, ఆ తలూపడం చూసే నాకు మనసులో కలుక్కుమంది.

మావారు స్కూలు టీచరుగా రిటైరయ్యారు. గొడవంటే ఆమడ దూరం. "రెండు రోజులే కదా, సర్దుకుందాం. వచ్చీ రాగానే లొల్లెందుకు?" అన్నారు. మనం మాత్రం? సంతలో వంకాయల దగ్గర ఐదు రూపాయలకి అరగంట బేరమాడతాం. ఏడు వేల గది దగ్గరికొచ్చేసరికి నోరు పడిపోతుంది. ఎదురుగా టై కట్టుకున్న పిల్లాడు ఇంగ్లీషులో పలకరిస్తే చాలు, తప్పు మనదేనేమో అనిపిస్తుంది. నేనూ వరండాలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాకే కౌంటర్ దగ్గరికి వెళ్ళాను.

"ఇది కూడా సీ ఫేసింగే మేడమ్. మన బిల్డింగ్ మొత్తం సముద్రం వైపే ఉందండి" అన్నాడా అబ్బాయి.

"బిల్డింగ్ చూస్తే ఎలా బాబూ? చూడాల్సింది మేం కదా!" అన్నాను.

అతనికి నవ్వొచ్చింది, నాకు రాలేదు. ఫోన్‌లో మావాడు పంపిన రసీదు చూపించాను. ముందు వైపు గదులన్నీ నిండిపోయాయన్నాడు. అయితే మేనేజరు గారిని పిలవమని అక్కడే సోఫాలో కూర్చున్నాను. గొంతు పెంచలేదు, కానీ లేవలేదు. ముప్పావు గంట కూర్చున్నాను. మేనేజరు వచ్చి రసీదు చూసి, సాయంత్రం నాలుగింటికి మొదటి అంతస్తులో ఒక గది ఖాళీ అవుతుందన్నారు. అది ముందే తెలుసో, నేను కూర్చున్నాక తెలిసిందో ఆ సముద్రానికే తెలియాలి. మీకు చెప్పేదేమంటే, బుక్ చేసేటప్పుడు 'సీ ఫేసింగ్', 'సీ సైడ్' అనే మాటలు నమ్మకండి. హోటలుకి ఫోన్ చేసి, మంచం మీద కూర్చుంటే నీళ్ళు కనపడతాయా అని అడగండి. ఆ జవాబు మెసేజ్‌లో పంపించమనండి.

లిఫ్టు పని చేయట్లేదు! ఇద్దరు కుర్రాళ్ళు అత్తమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పెళ్ళికూతుర్ని బుట్టలో తెచ్చినట్టు మెట్లెక్కించారు. ఆవిడ సిగ్గుతో కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ కుర్చీని అలాగే తీసుకెళ్ళి బాల్కనీలో దించారు.

చాలాసేపు ఏం మాట్లాడలేదు. మేమూ కదిలించలేదు. తర్వాత మెల్లిగా అడిగింది.

"ఇది ఆగదా బిడ్డా?"

"అలలా? ఆగవు అత్తమ్మా."

"రాత్రి పూట గూడ?"

"రాత్రి కూడా."

"గట్లనా! దీనికి గూడ నాగా లేదన్నట్టు" అంది.

గోదారి కలిసేది ఇక్కడేనా అంటే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. గోదావరి పాయలుగా చీలి కోనసీమ వైపు, అంతర్వేది లాంటి చోట్ల కలుస్తుంది. కానీ నీళ్ళన్నీ ఈ బంగాళాఖాతంలోకే అని చెప్పాను. "ఇంట్లకొచ్చినంక ఏ దర్వాజకెల్లి అచ్చినా ఒకటే తియ్" అంది. ఆ రాత్రి పదకొండింటి దాకా లోపలికి రాలేదు. చీకట్లో చేపల పడవల దీపాలు లెక్కపెడుతూ కూర్చుంది.

ఇక గది సంగతి. దుప్పట్లు, తువ్వాళ్ళు మల్లెపువ్వుల్లా ఉన్నాయి, అందులో వంక పెట్టలేను. కానీ సముద్రపు గాలికి ఇనుమన్నది నిలవదు. కిటికీ గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. బాల్కనీలో సగం జాగా ఏసీ డబ్బాకే సరిపోయింది. వేడినీళ్ళు ఉదయం తొమ్మిది దాటితే రావు. బాత్‌రూమ్ నేల నున్నటి టైల్స్. తడిస్తే మనకే కాలు జారుతుంది, పెద్దవాళ్ళ సంగతి చెప్పాలా? పాత నూలు తువ్వాలు ఒకటి ఎక్కువ పట్టుకెళ్ళి కింద పరవండి. ఈ తీరంలో సముద్రం తూర్పు వైపు కనుక ముందు గదిలోకి పొద్దున్నే ఎండ సూటిగా కొడుతుంది. పదింటి దాకా బాల్కనీలో కూర్చోలేం. మధ్యాహ్నం నుంచి మాత్రం చల్లటి నీడ. ఇంట్లోంచి తెచ్చిన సకినాలు డబ్బా మూత తీసి ఉంచానేమో, ఒక్క పూటకే మెత్తబడిపోయాయి.

తిండి దగ్గర నాకు ఒళ్ళు మండింది. సముద్రం ఎదురుగా పెట్టుకుని బఫేలో పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా, నాన్! చేప అంటే మైదాలో ముంచి వేయించిన ముక్కలు, అవీ ఐస్ వాసన. ఉప్మా ఒక్కటే బాగుంది, నిజం చెప్పాలి కదా. నేను చేయకుండా, ఎవరో చేసి వేడిగా పెట్టిన ఉప్మా ఎన్నేళ్ళకి తిన్నానో! ప్లేటు తీసుకెళ్ళి కడగబోతే మావారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

రెండోరోజు గది ఊడవడానికొచ్చిన అమ్మాయి పక్కనున్న మత్స్యకారుల పేటలోనే ఉంటుందట. అత్తమ్మ ఆమెతో ఇట్టే మాట కలిపింది. ఆవిడ మాట ఈమెకి సగం, ఈమె మాట ఆవిడకి సగం అర్థమైనట్టుంది. "సముద్రం సూడ్డానికి అంత దూరం నుంచి వొచ్చీసినారేటమ్మా! మాకైతే ఆయన ఏటకెళితే తిరిగొచ్చీదాకా అటేపు సూడాలంటేనే బయం" అందా అమ్మాయి. అత్తమ్మ ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చీపురు పక్కన పెట్టి ఆ పిల్ల కాసేపు కుర్చీ పక్కనే నేల మీద కూర్చుంది. మంచి చేప ఎక్కడ దొరుకుతుందో చెప్పింది కూడా ఆ అమ్మాయే.

ఆమె చెప్పిన పాక హోటలు భీమిలి వెళ్ళే దారిలో ఉంది. అక్కడ తిన్న నెత్తళ్ళ వేపుడు ఇంకా నోట్లోనే ఉంది. మా సంతలో నెత్తళ్ళు ఎండువే దొరుకుతాయి. పచ్చివి తినడం మాకదే మొదలు. వేలెడంత చేపలు. తలలు గిల్లి, ఉప్పూ పసుపూ వేసి రెండు మూడు నీళ్ళు కడిగి, కారం, అల్లం వెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి పట్టించి కరివేపాకుతో వేయించేస్తారు, అంతే. ముల్లు తీసే పని లేదు. పళ్ళు లేని మా అత్తమ్మ కూడా తింది. వేసవి సెలవుల్లో వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆపేస్తారు. అప్పుడు తాజా చేప దొరకడం కష్టం.

భీమిలి పాత ఊరు. డచ్చివాళ్ళ కాలం నాటి సమాధులున్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరట. అవన్నీ కారులోంచే చూశాం. ఎర్రమట్టి దిబ్బల్లో నడవాలి కనుక దూరం నుంచే దణ్ణం పెట్టాం. తొట్లకొండకి మాత్రం వెళ్ళండి. పైదాకా రోడ్డుంది. బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు, స్తూపాల పునాదులు, కింద సముద్రం. గుడి కాదు కాబట్టి అత్తమ్మకి పెద్దగా ఆనలేదు. ఆవిడ మనసు పడింది గోస్తనీ దగ్గర. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కిందుగా పారి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందా నది. కారు ఆపి చూపించాం. నేననుకున్నంత హడావుడేం లేదు. గోదారి లాంటి పెద్ద నది కాదు కదా, సద్దు చేయకుండా వెళ్ళి కలిసిపోతోంది. అత్తమ్మ కారు అద్దం దించి చేతులు జోడించింది.

మావారూ నేనూ రుషికొండ బీచ్‌లో మోకాలి లోతు దిగాం. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచ్ ఇది. శుభ్రంగానే ఉంది, బట్టలు మార్చుకునే గదులూ ఉన్నాయి. అయితే ఈ తీరంలో సముద్రాన్ని చూసి మోసపోకండి. అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాలికింది ఇసుక లాగేస్తుంది. కొన్నిచోట్ల నీళ్ళు ఒక పాయలా లోపలికి గుంజుకుపోతాయి. అలల్లేకుండా ప్రశాంతంగా కనపడే చోటే ఒక్కోసారి ఆ గుంజుడుంటుంది. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీది అలసిపోకూడదట. ఒడ్డు పొడవునా పక్కకి ఈదితే పాయలోంచి బయటపడతామని అక్కడి గార్డు చెప్పాడు. పిల్లల్ని మాత్రం చెయ్యి వదలకండి, వాళ్ళు ఈల వేస్తే మారు మాట్లాడకుండా పైకొచ్చేయండి.

మూడోరోజు పొద్దున ఆరున్నరకి సూర్యుడు నీళ్ళలోంచి లేచాడు. అత్తమ్మ అప్పటికే తల దువ్వుకుని బొట్టు పెట్టుకుని కుర్చీలో ఉంది. ఎప్పుడు లేచిందో మాకు తెలియదు.

బిల్లు చూస్తే 'రూమ్ అప్‌గ్రేడ్, 3,000' అని ఉంది. మేం మొదటే కట్టిన గదికి మళ్ళీ అప్‌గ్రేడేమిటి! నేను నోరు తెరిచేలోపే మావారు కళ్ళజోడు సవరించుకుని, స్కూల్లో పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఆ గీత మీద వేలు పెట్టి, "ఇది తీసేయండి" అన్నారు. మారు మాట లేకుండా తీసేశారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నోట అలాంటి మాట నేను వినడం అదే.

బయలుదేరే ముందు అత్తమ్మ లీటరు నీళ్ళ సీసా ఒకటి నా చేతికిచ్చి, సముద్రం నీళ్ళు నింపుకు రమ్మంది. ఇంట్లో దేవుడి గూట్లో ధర్మపురి పుష్కరం నీళ్ళ పక్కన పెట్టాలట. మీరూ అలా తెచ్చుకునేటట్టయితే మూత బిగించి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, సీసాని నిలబెట్టి తీసుకెళ్ళండి. మాది రైల్లో సగం కారిపోయి, పెట్టెలో ఉన్న నా రెండు పట్టుచీరలూ ఉప్పు చారలు కట్టాయి. మంచినీళ్ళలో ముంచి నీడన ఆరేస్తే ఒకటి బాగుపడింది. మిగిలిన సగం సీసా గూట్లోనే ఉంది. బీడీల కాలం నాటి స్నేహితురాళ్ళు ఎవరొచ్చినా అత్తమ్మ మూత తీసి, వేలు ముంచి నాలిక మీద వేసుకుని చూడమంటుంది.