అమ్మీ దిమాగ్ ఫోటో తీసినవాళ్ళు

అమ్మీ జొహర్ నమాజ్ రెండోసారి చదువుతుంటే నేను కోప్పడ్డాను. "ఇందాకే చదివావు కదా అమ్మీ!" అని గట్టిగానే అన్నాను. ఆమె సలాం తిప్పి, జానమాజ్ మడతపెట్టి, "చదివానా? పోనీ, అల్లాకి ఎక్కువైపోతుందా ఏంటి" అంది. ఇంట్లో అందరం నవ్వాం. అలా నవ్వుకుంటూనే రెండేళ్ళు గడిపేశాం.

ఆ తర్వాత నవ్వు రాని సంగతులు మొదలయ్యాయి. పొయ్యి మీద చాయ్ పెట్టి మర్చిపోయేది. ఎప్పుడో మానేసిన గాజుల మలారం కోసం మంచం కింద వెతికేది. ఇంతకాలం అయిపోయిన అబ్బా డ్యూటీ నుంచి ఇంకా రాలేదేమని మగ్‌రిబ్ వేళ గుమ్మంలో కూర్చునేది. మా మరదలు అసర్ ఉందంది. తమ్ముడు దర్గా నుంచి తావీజ్ తెచ్చి మెడలో కట్టాడు. నేనూ వెంట వెళ్ళాను, దువా చేశాను. అందులో తప్పేమీ లేదు. తప్పల్లా అక్కడితో ఆగిపోవడం. ఎందుకు ఆగిపోయామో కూడా దాచకుండా చెప్పాలి. అప్పుడు మా అన్న కూతురి రిష్తా మాటలు నడుస్తున్నాయి. "దాదీ దీవానీ అట" అని ఎవరైనా అంటే పిల్ల పెళ్ళి చెడిపోతుందని భయపడ్డాం. చుట్టాలొస్తే అమ్మీకి తబియత్ బాగాలేదని చెప్పి లోపలి గదిలో పడుకోబెట్టేవాళ్ళం.

నికా అయ్యాక వైజాగ్‌లో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడొకాయన కాగితం ముందు పెట్టుకుని ప్రశ్నలడిగాడు. "ఇది ఏ నెలమ్మా?"

"రజబ్" అంది అమ్మీ.

ఆయన ఇంటూ కొట్టాడు.

"ఏ ఏడాది?" అంటే తెలీదంది. దానికీ ఇంటూ. "వంద నుంచి ఏడు తీసేస్తూ చెప్పండి" అన్నాడు. అమ్మీ జీవితమంతా డజన్లలో లెక్కపెట్టిన మనిషి, దిక్కులు చూసింది. నేను పక్కనే కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా విలేకరిగా ఊరందరి తరఫునా ప్రశ్నలడుగుతున్నవాణ్ణి. "అయ్యా, ఇది నిజంగా రజబ్ నెలే" అన్న ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. ఉర్దూ స్కూల్లో చదివి తెలుగు డిగ్రీ క్లాసులో కూర్చున్నప్పటి పాత సిగ్గు అది. మనవాళ్ళ మాట పదిమందిలో పైకి అనాలంటే ఇప్పటికీ ఒక్క క్షణం వెనక్కి తగ్గుతాను.

ఆ ఆస్పత్రిలోనే ఒక చిన్న డాక్టరు మమ్మల్ని బయట ఆపి, హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో మెదడు మీద తహ్‌కీక్ చేస్తున్నారనీ, రెండు భాషలు మాట్లాడే పెద్దవాళ్ళు వాళ్ళకి కావాలనీ చెప్పాడు. "అది వైద్యం కాదండీ, ముందే చెప్తున్నాను" అన్నాడు. ఇంటికొచ్చి ఆ రాత్రి చదవడం మొదలుపెట్టాను.

చదివినకొద్దీ ఆశ్చర్యమేసింది. 2013లో హైదరాబాద్ నిమ్స్ నుంచి డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఒక పరిశోధన ప్రచురించింది. నిమ్స్ డాక్టర్లతో పాటు ఉస్మానియా, హైదరాబాద్ యూనివర్సిటీల వాళ్ళు, ఇంగ్లాండ్ పైనున్న ఎడిన్‌బరా నుంచి థామస్ బాక్ అందులో ఉన్నారు. మతిమరుపు జబ్బు వచ్చిన 648 మంది వివరాలు చూస్తే, ఒకే భాష వచ్చినవాళ్ళకంటే రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట. బడి గడప తొక్కనివాళ్ళలో కూడా తేడా కనిపించింది. ఆ భాషల్లో తెలుగుతో పాటు మన దక్కనీ కూడా ఉంది. ప్రపంచంలో అన్ని చోట్లా జరిగిన పరిశోధనలు ఇదే మాట చెప్పలేదు, వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అయినా నాకు కళ్ళు చెమర్చాయి. చిన్నప్పుడు ఉర్దూ ఉస్తాద్ "నీ జబాన్‌లో తెలుగు కలిసిపోయింది" అని చెవి మెలిపెట్టేవాడు. కాలేజీలో "సాయిబుల తెలుగు" అని నవ్వేవాళ్ళు. ఇద్దరూ ఐబ్ అనుకున్నదే అమ్మీకి ఇన్నాళ్ళూ కాపలా కాసిందేమో.

అమ్మీ ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. అబ్బా నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేస్తుంటే ఆమె మలారం భుజాన వేసుకుని గుర్ల, గజపతినగరం, చీపురుపల్లి వైపు ఊళ్ళన్నీ తిరిగేది. "బీబమ్మా, ఏటి ఈ సుట్టు ఇన్నాళ్ళకొచ్చినావు?" అని అడిగితే అదే యాసలో సమాధానం చెప్పి, ఇంటికొచ్చి మాకు ఆ కబురంతా ఉర్దూలో చెప్పేది. రోజుకి ఎన్నిసార్లు ఆ గడప ఇటూ అటూ దాటేదో!

షాబాన్ నెలలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

ల్యాబ్ అంటే తెల్లకోట్లు, సీసాలు అనుకున్నాను. అక్కడ కనిపించింది ఒక వరండా, చెప్పుల స్టాండు, చాయ్ ఫ్లాస్కు. పనిచేసేది ఏడెనిమిది మంది. వాళ్ళ పేర్లు రాయనని మాటిచ్చాను.

ముందు ప్రశ్నలడిగిన అమ్మాయిది నిజామాబాద్. ఇంట్లో తెలుగే, కానీ గల్లీలో ఆడుకుంటూ దక్కనీ నేర్చుకుందట. అమ్మీ పక్కన బెంచీ మీద కూర్చుని, "అమ్మా, అబీ కౌన్‌సా మహీనా చల్‌రా?" అంది.

"షాబాన్."

"ఎన్నో చాంద్?"

"షబేబరాత్ అయిపోయి నాలుగు రోజులు కాలేదూ?"

అమ్మాయి ఫోన్‌లో చూసుకుంది. "సహీ హై" అని టిక్కు పెట్టింది. నేను తల పక్కకి తిప్పుకున్నాను. మరి వైజాగ్‌లో పడిన ఇంటూ సంగతేంటి అని తర్వాత అడిగితే, ఆ ప్రశ్నల కాగితాలు మొదట ఇంగ్లీషులో, చదువుకున్నవాళ్ళ కోసం తయారయ్యాయని చెప్పింది. వాటిని తెలుగులోకి మార్చడమంటే తర్జుమా ఒక్కటే కాదట. చదువు రానివాళ్ళని ఏమడగాలి, లెక్క బదులు ఏం పెట్టాలి అని మనుషుల దగ్గర కూర్చుని తేల్చుకోవాలట. "మెషీన్ అబద్ధం చెప్పదు సార్. కానీ ప్రశ్న తప్పుగా అడిగితే మనిషి చెప్పిన నిజం కూడా అబద్ధమైపోతుంది" అంది. అమ్మీకి ఈసారి మార్కులు కొంచెం ఎక్కువే వచ్చాయి. జబ్బు మాత్రం ఉంది. అది కూడా ఆ అమ్మాయే మెల్లగా చెప్పింది.

అమ్మీకి ఇవేమీ పట్టలేదు. అమ్మాయి చెయ్యి పట్టుకుని, బొటనవేలి కింద ఎముక నొక్కి చూసి, "రెండు నాలుగు" అంది. గాజుల సైజు. అమ్మాయి నోరు తెరిచింది. సరిగ్గా అదేనట.

తర్వాత ఇజాజత్ కాగితం. దాన్ని తెలుగులో చదివి, మళ్ళీ దక్కనీలో చెప్పారు. మధ్యలో ఎప్పుడు వద్దనిపించినా లేచిపోవచ్చన్నారు. "దీనివల్ల మీకు నయం కాదమ్మా, ముందుముందు వేరేవాళ్ళకి పనికొస్తుంది" అన్నారు. నేను కొడుకుగా సంతకం చేయాల్సిన చోట చెయ్యి ఆడలేదు. అర్థంకాని మనిషితో వేలిముద్ర వేయిస్తున్నానా అనిపించింది. అమ్మీయే కాగితం తన వైపు లాక్కుంది. "కిసీకే కామ్ ఆయేగా నా? ఫిర్ క్యా!" అని వేలు చాచింది. ఒక గంట తర్వాత ఆమెకి ఆ కాగితం గుర్తులేదు. అందుకే అది ఇప్పుడు నా మీద అమానత్.

ఎమ్మారై అంటే ఎక్స్‌రే కాదు. పెద్ద అయస్కాంతం. మన ఒంట్లో నీళ్ళున్నాయి కదా, ఆ నీళ్ళలోని హైడ్రోజన్ అయస్కాంతానికి, రేడియో తరంగాలకి ఇచ్చే జవాబుని విని బొమ్మ గీస్తుంది. దీన్ని సాధ్యం చేసిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకి 2003లో నోబెల్ ఇచ్చారు. మెదడులో ఏ భాగం పనిచేస్తుంటే అక్కడి నెత్తురులో ఆక్సిజన్ మారుతుంది, ఆ మార్పుని కూడా ఇందులో పట్టుకోవచ్చని 1990లో సెయిజి ఒగావా చూపించాడు. మాట వింటున్నప్పుడు, మాట వెతుక్కుంటున్నప్పుడు మెదడులో ఏం జరుగుతోందో వీళ్ళు చూసేది అలాగే.

అమ్మీ భయపడకూడదని ముందు నేను పడుకున్నాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ బొమ్మలు కూడా వాళ్ళకి కావాలి. తర్వాత అమ్మీ వంతు. మెషీన్ నడిపే పెద్దాయనది పలాస. పిన్నీసులు, ముక్కుపుడక తీయించాడు. గాజులు కూడా తీయమంటారేమోనని నేను అనేలోపే అమ్మీ, "గాజుకి అయస్కాంతం అంటదు బాబూ" అంది. ఆయన నవ్వి, "నిజమే మామ్మా, ఉంచుకో" అన్నాడు. తావీజ్ దగ్గరే చిక్కొచ్చింది. రేకు డబ్బీ, తీయాల్సిందే. అమ్మీ రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. తమ్ముడికి ఫోన్ చేద్దామా అనుకున్నాను. ఆ పెద్దాయన తొందరపడలేదు. రుమాలు పరిచి చేతులు చాపాడు. "మామ్మా, ఇది నా కాడుంచుతాను. లోపల నీ కళ్ళ మీద చిన్న అద్దముంటాది. దాంట్లోంచి సూడు, ఆ గాజుకిటికీ అవతల నేను పట్టుకుని నిలబడతాను. అవుపడతాది."

సొంతూరి యాస వినగానే అమ్మీ మొహం విప్పారింది. తావీజ్ తీసి ఇచ్చింది.

దాదాపు అరగంట. నడపాల్సిన పని ఇంకొకరికి అప్పగించి ఆయన నిజంగానే ఆ కిటికీ దగ్గర రుమాలు పట్టుకుని నిలబడ్డాడు. ధన్ ధన్ ధన్ అని ఆ చప్పుడుకి నాకే గుండె అదిరింది. బయటికొచ్చాక అమ్మీ అన్న మాట: "మీ అబ్బా మిల్లులా ఉంది లోపల. నిద్రొచ్చింది."

కంప్యూటర్ల ముందు కూర్చునే కుర్రాడు నన్ను తన గదికి తీసుకెళ్ళాడు. తల కాస్త కదిలినా బొమ్మ చెడిపోతుందనీ, అమ్మీ రాయిలా పడుకున్నారనీ మెచ్చుకున్నాడు. ఒక్కొక్క పొర తెరిచి, యాద్దాష్త్‌కి సంబంధించిన హిప్పోకాంపస్ అనే చిన్న భాగం అంచులు చేత్తో గీస్తాడు. మెషీన్ గీసినవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి అలా గీయాలట. ఒక్కో మనిషికి గంటలు పడుతుంది. ఆ గీతలన్నీ దేనితో పోల్చాలి అన్నదే పెద్ద సవాల్ అన్నాడు. 1988లో తలైరాక్, టూర్నూ అచ్చువేసిన నక్షాకి ఆధారం 60 ఏళ్ళ ఒక ఫ్రెంచి ఆమె మెదడు. ఆ తర్వాత లోకమంతా ఎక్కువగా వాడింది కెనడాలోని మాంట్రియల్‌లో తయారైనది. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి గారి బృందం, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ డాక్టర్లతో కలిసి, వంద మంది మనవాళ్ళ బొమ్మలతో భారతీయ మెదడు అట్లాస్ తయారుచేసింది. మనవాళ్ళ మెదడు కొలతలు సగటున కొంచెం చిన్నవని తేలింది. దానికీ తెలివికీ సంబంధం లేదు. సంబంధమల్లా పోలికకి. పరాయి కొలత పెట్టి చూస్తే, మామూలుగా ఉన్నది కూడా కుంచించుకుపోయినట్టు కనిపించవచ్చు. "ఆ వంద మందీ పడుచువాళ్ళు సార్. మామ్మగారి వయసువాళ్ళు చాలామంది కావాలి" అన్నాడు.

అతను చూపిస్తున్న బొమ్మలో ముక్కూ కళ్ళూ లేవు. అడిగాను. బొమ్మ ఇంకొకరికి పంపేముందు ముఖం చెరిపేస్తారట, పేరు బదులు అంకె రాస్తారట. "అంటే పర్దా" అన్నాను. అతనికి వెంటనే అర్థం కాలేదు, చెప్తే నవ్వాడు. మెషీన్ లోపలికి చూసి అమ్మీ దిమాగ్‌లో ఏముందో గీసినవాళ్ళు, ఆమె మొహం మాత్రం కప్పి పంపుతారు. ఇంటికొచ్చి చెప్తే తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నన్ను కూడా తీసుకెళ్ళాల్సింది" అన్నాడు.

ఇప్పుడు అమ్మీ ఇంకా కొన్ని మెట్లు దిగింది. తెలుగు మాటలు ఒక్కొక్కటీ జారిపోతున్నాయి. పక్కింటి మామ్మ వచ్చి పలకరిస్తే ఉర్దూలో జవాబిస్తుంది. ఆమె తెలుగులో, ఈమె ఉర్దూలో గంటసేపు కబుర్లు చెప్పుకుంటారు. సూరాలు మాత్రం ఒక్క అక్షరం పోలేదు. జొహర్ రెండోసారి చదువుతుంటే నేను జానమాజ్ పరిచి ఇస్తున్నాను.

మీ ఇంట్లో అమ్మీకో అబ్బాకో ఇలా మొదలైతే దయచేసి లోపలి గదిలో పెట్టకండి. దర్గాకి వెళ్ళండి, డాక్టర్ దగ్గరికీ వెళ్ళండి. అడిగేవాళ్ళు ఏ నెల అంటే, పెద్దవాళ్ళు చాంద్ నెల చెప్తే, పక్కన కూర్చున్న మీరు నాలా నోరు మూసుకోకండి. "ఆమె చెప్పింది సరైనదే" అని చెప్పండి. ఎవరైనా పరిశోధనకి పిలిస్తే అడగాల్సినవన్నీ అడిగి, మనసొప్పితే వెళ్ళండి. మన పెద్దవాళ్ళ కొలత ఆ నక్షాలో లేకపోతే రేపు మన పిల్లల్ని కూడా పరాయి కొలతతోనే చూస్తారు.

పోయిన వారం హైదరాబాద్ వెళ్తున్న దోస్త్‌తో నిజామాబాద్ అమ్మాయికి రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు పంపాను. సైజు రెండు నాలుగు. అమ్మీ ఎంచి ఇచ్చింది, ఎవరికని మాత్రం మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ చెప్పాను.

అమ్మీ కోసం దువా చేయండి. ఆ ల్యాబ్‌లోవాళ్ళ కోసం కూడా.