నోటికి చెవి కలిస్తేనే మాట



అక్షరాన్ని ఎనిమిది బిట్లుగా విడదీసి, ఒకదాని వెనుక ఒకటిగా ఒకే తీగపై నడిపించేది సీరియల్ పోర్టు. దీని ప్రమాణమైన ఆర్.ఎస్.-232 పుట్టినది 1960లో. ఇంతటి వృద్ధునితో నాకేమి పని యని మీరడుగవచ్చును.

మా ఇంటి పాత కంప్యూటరులో ఫ్లాపీ ద్వారము మూగబోయినది. అందలి విండోస్ 98 నేటి పెన్‌డ్రైవును ఎరుగదు. కాని కర్రు, మేడి, నొగ మొదలుగా, నా విద్యార్థులు తమ అవ్వల నోట విని వ్రాసి తెచ్చిన సేద్యపు మాటలన్నీ అందులోనే ఉన్నవి. చెప్పిన అవ్వలలో పెక్కుమంది నేడు లేరు. "మాస్టారూ, ఆ పెట్టెను పాతసామాన్లకు వేసేయండి" అన్నాడొక పూర్వవిద్యార్థి. పెట్టెను వేయవచ్చును, మాటలనెట్లు వేయుదును?

ల్యాప్‌టాపుకు యు.ఎస్.బి.-సీరియల్ మార్పిడి తీగ తగిలించి, డివైస్ మేనేజరులో దాని కామ్ సంఖ్య చూచుకొన్నాను. రెండు యంత్రాలనూ కలిపితిని. అక్షరమైనా దాటలేదు.

దోషము ఏ వైపున ఉన్నదో ముందు తేల్చవలెను. తీగ ఊడదీసి, పోర్టులోని 2, 3 సూదులను చిన్న తీగముక్కతో కలిపి, హైపర్ టెర్మినల్‌లో ఫ్లో కంట్రోల్ 'లేదు' అని పెట్టి, లోకల్ ఎకో ఆపి, ఒక అక్షరము కొట్టితిని. అది తెరపై తిరిగి కనబడినది. పోర్టు బ్రతికియున్నది! ల్యాప్‌టాపు వైపునా అదే ఫలితము. ఇక మిగిలినది నడిమి తీగయే.

కంప్యూటరుకు మూడవ సూది నోరు, రెండవది చెవి, అయిదవది ఉమ్మడి నేల. దుకాణములో ఇచ్చినది తిన్నని తీగ. అది నోటికి నోటిని, చెవికి చెవిని కలుపును. ఇద్దరూ పలుకుదురు, వినువాడు లేడు. రెండు కంప్యూటర్ల నడుమ కావలసినది 2, 3 తీగలు అడ్డముగా మారిన నల్ మోడెమ్ తీగ. పైకి రెండును ఒక్కతీరుగనే ఉండును.

తీగ మార్చగానే అక్షరాలు వచ్చినవి, కాని పిచ్చిగీతలుగా. ఒకవైపు వేగము 9600, మరొకవైపు 19200! గణవిభజన తప్పిన పద్యమువలె, అక్షరాలన్నీ ఉండియు అర్థము లేదు. రెండు వైపులా 9600, ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్ అని సరిచేయగా కుదిరినది.

పిదప జెడ్‌మోడెమ్ పద్ధతిలో పంపితిని. ఆరంభ, అంత్య బిట్లతో అక్షరానికి పది బిట్లు. అనగా సెకనుకు 960 అక్షరాలకు మించవు. ఓపిక వలయును.

మీ ఇండ్లలోనూ ఇట్టి పెట్టెలుండవచ్చును. యూనికోడుకు ముందటి వ్రాతలైతే ఫైలుతోపాటు దాని ఫాంటును కూడ తెచ్చుకొనుడు. ఆ ఫాంటు లేనిచో వచ్చిన మాటలును చదువరానివే యగును.