పంగుని తాబేటి బాటలో

రాత్రి పదకొండు గంటలు దాటింది. చెన్నైకి దక్షిణాన నీలాంగరై ఒడ్డున, చల్లబడిన ఇసుకలో ముప్పైమందిమి కూర్చొని ఉన్నాము. కళాశాల విద్యార్థులు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన ఒక తల్లి, వారి నడుమ నేను. మా యెదుట నిలబడి మాట్లాడుతున్న అమ్మాయికి ఇరవై రెండేళ్ళు మించవు. చేతిలో పొడుగాటి కర్ర, భుజాన గుడ్డసంచీ. ఆమె చెప్పిన నియమాలు మూడే. టార్చిలైటు వెలిగించరాదు. బిగ్గరగా మాట్లాడరాదు. తాబేలు కనబడితే దాని ముందుకు పోరాదు.

"ఈ రాత్రి ఏమీ కనిపించకపోవచ్చు," అన్నదామె చివరకు. "అయినా నడవాలి. రోజూ నడుస్తాము కనుకనే, ఏ రోజు ఏమి జరిగిందో మాకు తెలుస్తుంది."

నీలాంగరై నుండి బీసెంట్ నగర్ వరకు సుమారు ఏడు కిలోమీటర్లు. ఏటా జనవరి మొదలు వేసవి వరకు యీ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఫాల్గుణంలో హెచ్చుగా వస్తాయి గనుక తమిళ జాలరులు వీటిని 'పంగుని ఆమై' అంటారు. ఒడిశాలోని గహిర్‌మాత, రుషికుల్యల వద్ద లక్షలుగా గుమికూడే జాతి యిదే. ఇక్కడ మాత్రం ఒకటొకటిగా, చీకటిచాటున వచ్చి పోతాయి.

ఒకప్పుడు యీ గుడ్లను ఏరుకొని తినడం, అమ్ముకోవడం తీరగ్రామాలలో మామూలే. 1970ల తొలినాళ్ళలో, మద్రాసు సర్పవనం స్థాపించిన రోములస్ విటేకర్, ఆయన మిత్రులు రాత్రులు నడిచి గుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుకతావులో పొదిగించడం మొదలుపెట్టారు. కొన్నేళ్ళు ప్రభుత్వ శాఖలు ఆ పని చూశాయి. 1988లో విద్యార్థులు దానిని తమ భుజాలకెత్తుకున్నారు. వారి సంఘం పేరు స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్. తొలి రోజులలో యిక్కడ నడిచిన విద్యార్థి కార్తీక్ శంకర్, తరువాత సముద్ర తాబేళ్ళ శాస్త్రజ్ఞుడుగా పేరు గాంచారు.

విద్యార్థుల సంఘానికి ఒక చిక్కున్నది. పని నేర్చుకున్నవారు ఏటా చదువు ముగించి వెళ్ళిపోతారు. పైగా తాబేళ్ళ రాక ముమ్మరమయ్యే నెలలే పరీక్షల నెలలు. జీతం లేదు, నిద్ర లేదు. నిన్న నేర్చుకున్నవాడు నేడు నేర్పితేనే సంఘం నిలుస్తుంది. అందుకే మా నాయకురాలి పక్కన ఒక మొదటి సంవత్సరపు కుర్రవాడు నీడవలె నడుస్తున్నాడు.

కొట్టివాక్కం సమీపంలో అల తాకే చోట ఒక నల్లని గుట్ట కనిపించింది. దగ్గరకు పోతే చచ్చిన తాబేలు. రెండడుగులకు పైగా పొడవు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పిల్లలు తల్లి చెంగు పట్టుకున్నారు. అమ్మాయి మోకాళ్ళపై కూర్చొని కొలత తీసింది. కుర్రవాడు పుస్తకంలో వ్రాసుకున్నాడు.

తాబేలు సముద్రజీవియే గాని, మనవలెనే గాలి పీల్చి బ్రతుకుతుంది. గంటల తరబడి నీటిలో యీడ్చే ట్రాల్ వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. తప్పించుకుపోవడానికి వలలో దారి విడిచే సాధనం ఉన్నది. తీరానికి దగ్గరలో ట్రాలర్లు వేటాడరాదనే నిబంధనా ఉన్నది. అయినా 2025 జనవరిలో చెన్నై పరిసర తీరాలకు వెయ్యికి పైగా మృత తాబేళ్ళు కొట్టుకువచ్చాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ తానుగా కేసు చేపట్టింది.

"ఆ నెలలో మేము గుడ్ల కోసం నడవలేదు సార్, శవాలు లెక్కపెట్టడానికి నడిచాము," అన్నది అమ్మాయి. "మాలో కొందరు మళ్ళీ రాలేదు. కాని ఎవరో ఒకరు లెక్క వ్రాయకపోతే, ఏమీ జరగలేదనే అంటారు కదా!"

రాత్రి రెండు గంటలకు తిరువాన్మియూరు దాటాక ఆమె ఠక్కున ఆగింది. ఇసుకపై లారీ చక్రం దొర్లినట్టు ఒక జాడ, సముద్రంనుండి పైకి, మళ్ళీ సముద్రంలోకి. తల్లి వచ్చి వెళ్ళిపోయింది. కుర్రవాడు కర్రతో మెల్లగా గుచ్చి చూశాడు. ఒకచోట ఇసుక మెత్తగా దిగింది. చేతులతో తవ్వితే కూజావంటి గుంటలో తెల్లని గుడ్లు, పింగ్‌పాంగ్ బంతులంత. వంద దాటాయి. కుదుపు తగిలితే లోపలి పిండం చెడుతుంది గనుక వాటిని తిరగవేయకుండా, కొద్దిగంటలలోనే తరలించాలి.

"ఇక్కడే వదిలివేయరాదా?" అని అడిగాను.

ఆమె ఒడ్డువైపు చూపించింది. వరుసగా దీపస్తంభాలు, మేడలు, పగటివలె వెలుతురు. పిల్లలు పుట్టగానే వెలుగు కనిపించిన దిక్కుకు పాకుతాయి. పూర్వం రాత్రివేళ సముద్రపు అంచుకన్న వెలుగైనది లేదు. నేడు అవి రోడ్డువైపు పోయి కుక్కల పాలో, చక్రాల పాలో అవుతున్నాయి. గుడ్లు పెట్టే నెలలలో తీరపు దీపాలు ఆర్పమని సంఘంవారు అధికారులను, మేడలవారిని ఏటా అడుగుతూనే ఉన్నారు. కొందరు ఆర్పుతారు, కొందరు మరచిపోతారు.

"పొదుగుశాల మా గొప్ప కాదు సార్," అన్నదామె. "ఈ ఒడ్డు మళ్ళీ చీకటిగా ఉంటే దాని అవసరమే ఉండదు."

తెల్లవారుజామున బీసెంట్ నగర్ చేరుకున్నాము. అక్కడ ష్మిట్ స్మారకం ఉన్నది. 1930లో మునిగిపోతున్నవారిని కాపాడబోయి ప్రాణాలు విడిచిన డెన్మార్కు నావికుని జ్ఞాపకార్థం కట్టినది. ఆ ఒడ్డుననే కంచె వేసిన పొదుగుశాల. గుడ్లను కొత్త గుంటలో ఉంచి, తేదీ వ్రాసిన చీటీ నాటారు. ఏడెనిమిది వారాలకు పిల్లలు పైకి వస్తాయి.

పాత గూడొకటి అప్పుడే కదిలింది. అరచేతిలో సగమైనా లేని నల్లని పిల్లలు ఇసుకను తోసుకొని బయటపడ్డాయి. వాటిని నీటికి కొంత దూరంలో వదిలారు, తామే పాకి నీటిని చేరాలని. వాటిలో బ్రతికి పెద్దవయ్యేవి బహుకొద్ది. బ్రతికిన ఆడవి పదేళ్ళు పైబడ్డాక తాము పుట్టిన తీరప్రాంతానికే తిరిగి వస్తాయి.

"ఇవి వచ్చేసరికి నీవెక్కడుంటావమ్మా?" అని అడిగాను.

"జూన్‌లో బెంగుళూరులో ఉద్యోగం," అని నవ్వింది. ఆమె కర్ర అప్పటికే కుర్రవాని చేతిలో ఉన్నది. చివరి పిల్ల అలలో కలిసిన పిదప అతడు పుస్తకం తెరచి లెక్క వ్రాసుకున్నాడు. తరువాత ఆమెవైపు తిరిగి, "అక్కా, రేపు రాత్రికి ఎంతమంది వస్తున్నారు?" అని అడిగాడు.