ఇదివరకటివి రాయట్లేదా?

మా వారు ధర అడగరు. అడిగితే నా పని తేలికయ్యేది. ధర అడిగే మొగుణ్ణి సముదాయించడం ఏ ఇల్లాలికైనా వెన్నతో పెట్టిన విద్యే. ఉన్న ధరలో ఒక సున్నా మింగేసి, డిస్కౌంటులో వచ్చిందని ఓ మాట తగిలించి, కాఫీ గ్లాసు చేతికిస్తే ఆ పూటకి గండం గడుస్తుంది. మా వారి పద్ధతి వేరు. నేను పార్సిలు విప్పుతుంటే పేపరు మడిచి పక్కన పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, ఎంతో మర్యాదగా ఒకే ఒక్క ముక్క అడుగుతారు.

"ఇదివరకటివి రాయట్లేదా?"

రాస్తున్నాయి. అదే వచ్చిన చిక్కు. ఒక్కటైనా మొరాయిస్తే దాన్ని చూపించి బయటపడుదును. ఇంకు పెన్నుకి అంత తొందరగా చావు రాదు. ఏళ్ళ తరబడి ఇంకు ఎండిపోయి సొరుగులో పడున్నది కూడా, ఓ పూట చన్నీళ్ళలో నానబెట్టి కడిగితే లేచి కూచుంటుంది. వస్తువు మన్నడమంత శత్రువు ఆ వస్తువు మీద మోజున్నవాళ్ళకి మరొకటి లేదు.

ఇవే చీరలైతే అడగనంటారు ఆయన. నగలైతే దగ్గరుండి తనే కొనిస్తానంటారు. చీర కడితే నలుగురూ చూస్తారు, బంగారం లాకర్లో పడుకున్నా దాని ధర పెరుగుతూనే ఉంటుంది, పెన్ను ఈ రెండు పనుల్లో ఏదీ చెయ్యదు. అదీ ఆయన వాదన. అందుకని మొదట్లో నేనూ బంగారం దారినే వెళ్ళి చూశాను. "ఇందులో బంగారముందండీ" అని పాళీ మీద చెక్కిన అంకెలు చూపించాను. 14కె, దాని కింద 585. మా వారు జీవితమంతా ఆడిట్లో పనిచేసిన మనిషి. భూతద్దం తెచ్చుకున్నారు.

"585 అంటే వెయ్యి పాళ్ళలో 585. నీ గాజులు 916. ఈ పాళీ బరువెంతుంటుంది?"

గ్రాముకి లోపే ఉంటుందని చెప్పక తప్పలేదు. మిగతా డబ్బంతా దేనికిచ్చావన్నట్టు ఆ భూతద్దంలోంచే నావంక చూశారు.

అప్పుడైనా ఊరుకోవలసింది. బంగారం ఎందుకు పెడతారో చెప్పబోయాను. పాతకాలపు ఇంకుల్లో ఆమ్లం ఉండేదనీ, అది ఉక్కు పాళీలని తినేసేదనీ, బంగారం జోలికి మాత్రం వెళ్ళలేకపోయేదనీ, అయితే బంగారం మెత్తన గనక కాగితం మీద అరిగిపోకుండా కొనకి గట్టి లోహపు పూస అతుకుతారనీ చెప్పాను. ఆ పూసని అందరూ ఇరీడియం అంటారు గానీ ఈ రోజుల్లో అందులో ఇరీడియం ఉండటమే అరుదనీ, వేరే గట్టి లోహాల మిశ్రమం వాడతారనీ కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"అంటే కాగితానికి తగిలేది బంగారం కాదన్నమాట. తుప్పు పట్టని స్టీలు వచ్చాక ఇంక బంగారం అవసరం కూడా లేదన్నమాట."

ఆడిటరుకి వివరణ ఇవ్వకూడదు. రసీదు ఇచ్చి తప్పుకోవాలి.

తర్వాత రోజువారీ లెక్క ఎత్తాను. ఈ లెక్క అందరు పిచ్చివాళ్ళూ వాడేదే, కెమెరాలవాళ్ళూ సైకిళ్ళవాళ్ళూ కూడా. మంచి జపాన్ పెన్ను పదిహేను, ఇరవై వేలు అనుకోండి. యాభయ్యేళ్ళు రాస్తుంది. అలా చూస్తే రోజుకి రూపాయి, కాస్త అటూ ఇటూగా. టీ నీళ్ళు కూడా రావు. నాకైతే ఇందులో వేలెత్తి చూపడానికేమీ కనిపించలేదు. ఆయన మాత్రం "అప్పటికి నీకెన్నేళ్ళుంటాయి?" అన్నారు. ఆ మాట కట్టుకున్న మనిషి అనవలసినది కాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఇంతకీ దానితో ఏం రాస్తావన్నది ఆయన ఆఖరి అస్త్రం. అబద్ధమెందుకు, ఎక్కువగా పచారీ చీటీలే రాస్తాను. కందిపప్పు, మినపగుళ్ళు, ధనియాలు, ఇంగువ. మీలో ఈ రుచి తెలిసినవాళ్ళుంటారు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. నల్లని నీలంతో "మినపగుళ్ళు" అని రాసి, చివరి ళ వత్తు దగ్గర పాళీ ఒక్క క్షణం ఆగితే అక్కడ ఇంకు కొంచెం చిక్కగా నిలుస్తుంది. తడి మెరుస్తూ ఉంటుంది. చూస్తుండగా మెరుపు పోయి, అక్షరం కాగితంలోకి ఇంకి, అంచు ఒక వన్నె ముదిరి కనిపిస్తుంది. ఫోన్లో టైపు చేసిన మినపగుళ్ళకి ఆ యోగం లేదు.

అందులోనూ తెలుగు రాసేవాళ్ళకి జపాన్ పాళీ కావాలి. ఇది పిచ్చి కాదు, అవసరం. జపాన్‌వాళ్ళ అక్షరాల్లో కొన్నిట్లో ఇరవై పైచిలుకు గీతలు చిన్న గడిలో ఇరుక్కోవాలి. అందుకని పైలట్, సెయిలర్, ప్లాటినం కంపెనీలవాళ్ళు సన్న పాళీ అంటే నిజంగా సన్నంగా చేస్తారు. యూరప్‌వాళ్ళ సన్నపాళీ దాని పక్కన లావుగా కనిపిస్తుంది. ఇంగ్లీషు రాసుకునేవాళ్ళకి లావైనా చెల్లుతుంది. మనకి ఘ, ఝ, క్ష ఉన్నాయి. వత్తులున్నాయి, వత్తు కింద వత్తులున్నాయి. లావు పాళీతో "స్త్ర్య" రాసి చూడండి, కడుపులన్నీ పూడిపోతాయి.

ఇక కాగితం. అసలు ఖర్చు పెన్నుది కాదు, దాని వెనకాల వచ్చే బలగానిది. పెన్ను కొన్నాక మంచి ఇంకు కావాలి. ఇంకు కొన్నాక కాగితం కావాలి. ఇప్పుడు మామూలు దుకాణాల్లో దొరికే నోటుపుస్తకాలు చాలావరకు బాల్‌పెన్నుల కోసం పుట్టినవి. ఇంకు పెన్ను పెడితే అక్షరానికి నలువైపులా ఈనెలు పాకుతాయి. పేజీ తిప్పితే వెనకవైపంతా దిగి ఉంటుంది. రెండువైపులా రాయాల్సిన కాగితం ఒకవైపే రాయాలి. కాగితం తయారు చేసేటప్పుడు దానికి తగినంత గంజి పట్టిస్తే ఈ బాధ ఉండదు. ఇంకు పైన నిలిచి నెమ్మదిగా ఆరుతుంది. ఆ మాత్రం చెయ్యడానికి ఏమి రోగం అని నేను అడుగుతున్నాను. లావు కాగితమైతే మంచి కాగితమని దుకాణదారు వాదిస్తాడు. లావుకీ దీనికీ సంబంధం లేదు. జపాన్‌లో ఉల్లిపొరంత పల్చటి కాగితం చేస్తారు, టొమొయె రివర్ అని, ఇంకు కారకుండా నిలబెడుతుంది. అది ఇక్కడికి తెప్పించుకుంటే ఎంతవుతుందో మాత్రం అడక్కండి. మా వారైతే అడగరు. "ఇదివరకటి కాగితాలు అయిపోయాయా?" అంటారు.

ఆయనకి ఖర్చులు లేవా అంటే ఉన్నాయి. ఆమధ్య డ్రిల్లింగ్ మెషిను కొన్నారు, రకరకాల మొనల పెట్టెతో సహా. దానితో గోడకి చిల్లు పెట్టి వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించారు. పక్కనే పాత మేకుంది. ఇదివరకటి మేకు పనిచెయ్యట్లేదా అని నేనడగలేదు. ఆయన కొన్నది పరికరం, నేను కొన్నది పిచ్చి. ఇంట్లో ఈ పద్దులు ఎవరు, ఎప్పుడు విడగొట్టారో నాకు తెలీదు.

పెన్నుల విషయంలో మా నాన్న గట్టివాడు. మాది రాజమండ్రి. నాన్న కోర్టులో గుమాస్తా. ఆయన జేబులో ఉండేది రత్నం పెన్ను. రబ్బరులో గంధకం దండిగా కలిపి ఉడికిస్తే గట్టిపడే నల్లటి సరుకుంటుంది, ఎబొనైటు. దాని కడ్డీని లేతు మీద తిప్పి, లోపల తొలిచి, చేత్తో మరలు చెక్కి చేసిన పెన్ను అది. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే గంధకం గుప్పుమనేది. ఎండా తడీ తగిలి ఆ నలుపు మెల్లగా ఆకుపచ్చ గోధుమరంగుకి తిరిగింది.

అమ్మకి ఆ పెన్నంటే మంట. అందులో ఇంకు డ్రాపరుతో నేరుగా గొట్టంలోకే పొయ్యాలి. నిండుగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండేది. సగానికి దిగాక పైన గాలి చేరుతుంది. మే నెలలో చేతివేడికి ఆ గాలి ఉబ్బి ఇంకుని కిందకి తోస్తుంది, టప్పున బొట్టు పడుతుంది. సైకిలు కుదుపులకి క్యాపులోకి చిమ్మి, అక్కణ్ణించి చొక్కా జేబులోకి దిగేది. తెల్ల చొక్కా మీద నీలం మరక. అమ్మ పాలలో నానబెట్టేది, నిమ్మచెక్కకి ఉప్పద్ది రుద్దేది, మరక లేతబడేదే తప్ప పోయేది కాదు. "ఈ పెన్ను చొక్కాలు తింటోంది. బాల్‌పెన్ను కొనుక్కోరాదూ" అనేది.

నాన్న అప్పుడు గాంధీగారిని దింపేవాడు. 1921లో కె.వి. రత్నంగారు వార్ధా వెళ్ళి గాంధీగారిని కలిస్తే, గుండుసూది మొదలు పెన్నుదాకా జనానికి పనికొచ్చేది ఏదైనా మన చేత్తో చెయ్యమన్నారట. రత్నంగారు పెన్ను పట్టుకున్నారు. 1932కల్లా రాజమండ్రిలో పెన్నుల పని సాగింది. పంపితే గాంధీగారు ఊరికే పుచ్చుకుంటారా? ఇందులో ప్రతి ముక్కా స్వదేశీయేనా అని తన సహచరుడు జె.సి. కుమారప్పగారి చేత ఆరా తీయించారు. అన్నీ కుదిరాక, 1935లో, పెన్ను బాగుంది, విదేశీ పెన్నుల బదులు పనికొస్తుందని స్వయంగా ఉత్తరం రాశారు. ఈ కథ నాన్న ఎప్పుడు చెప్పినా మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవాడు. చివర్లో గొంతు పెంచి, "అంతటి మహానుభావుడు వాడిన పెన్నే!" అనేవాడు.

అమ్మ తలెత్తకుండా చొక్కా జాడిస్తూ, "ఆయన చొక్కా వేసుకోడుగా" అనేది.

ఆ పైన నాన్న దగ్గర వాదన ఉండేది కాదు. ఆదివారం పొద్దున్నే అరుగు మీద పాత గుడ్డ పరిచి, పెన్ను భాగాలు విప్పి, బ్రిల్ ఇంకు సీసా పక్కన పెట్టుకుని, మా అందరి పెన్నులూ తనే కడిగి నింపేవాడు. మాకు వేళ్ళనిండా ఇంకే. బళ్ళో ఇంకైపోతే పక్కవాళ్ళ పెన్ను పాళీకి మన పాళీ ఆనించి రెండు చుక్కలు అప్పు తీసుకునేవాళ్ళం. బొట్టు పడితే సుద్దముక్క అద్దేవాళ్ళం, నీలం సుద్దముక్కలు దాచుకునేవాళ్ళం. పాళీ తుడవడానికి జడ ఉండనే ఉండేది. ఇంకు అప్పిచ్చాం, పుచ్చుకున్నాం. కానీ పెన్ను మాత్రం ఎవరూ ఎవరికీ ఇచ్చేవాళ్ళు కాదు. ఒకరి చేతికి అలవాటుపడిన పాళీ ఇంకొకరు పడితే పాడవుతుందని రెండో తరగతి పిల్లకి కూడా తెలుసు.

ఇప్పుడు ఎంత చదువుకున్నవాళ్ళకీ తెలీదు. ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆమధ్య ఒక బ్యాంకులో ఫారం నింపుతున్నాను. ఏ బ్యాంకులో చూసినా ఆ బల్ల దగ్గర దారముంటుంది, దారం చివర పెన్నుండదు. పక్కనున్న పెద్దమనిషి, "అమ్మా, ఒక్కసారి పెన్నిస్తారా" అన్నాడు. లేదనడానికి నోరు రాలేదు, పెన్ను నా చేతిలోనే ఉందాయె. తీసుకున్నాడు. బాల్‌పెన్నుని కాస్త నిలువుగా పట్టి నొక్కి రాయాలి. ఇంకు పెన్ను ఏటవాలుగా ఆనిస్తే చాలు, పాళీ చీలికలోంచి ఇంకు దానంతటది దిగుతుంది, చేతి బరువు కూడా అక్కర్లేదు. ఆయన నిలువుగా పట్టాడు. పాళీ వెల్లకిలా తిప్పి పట్టాడు. కింద రెండు కార్బన్ కాగితాలున్నాయి గనక గట్టిగా నొక్కాడు. రాలేదు. "ఇంకులేదండీ ఇందులో" అంటూ విదిలించాడు. బ్యాంకు తెల్లటి టైల్సు మీద వరసగా నీలం చుక్కలు. మళ్ళీ నొక్కాడు. కళ్ళముందే పాళీ రెండు కాళ్ళూ బారజాపుకుంది.

తిరిగిచ్చేటప్పుడు ఒక మాటన్నాడు. "ఇంకో పెన్ను కొనుక్కోండమ్మా, ఇది రాయట్లేదు."

మా వారు వింటే బావుండుననిపించింది.

ఆ తర్వాత సంచీలో బాల్‌పెన్నుల ప్యాకెట్టొకటి పెట్టుకు తిరుగుతున్నాను. నాకు కాదు, అడిగినవాళ్ళకి. పుచ్చుకున్నవాళ్ళు సగంమంది తిరిగివ్వరు, నేనూ అడగను. ఈ ఖర్చుకి మా వారు ఒక్క ప్రశ్న వెయ్యలేదు సరికదా, నాకిన్నాళ్ళకి బుద్ధొచ్చిందని మా అబ్బాయికి ఫోన్లో చెప్పారు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, బ్యాంకుకో పోస్టాఫీసుకో బయల్దేరేటప్పుడు జేబులో పది రూపాయల పెన్నొకటి వేసుకోండి. మరిచిపోతే నన్నడగండి, ప్యాకెట్లోది ఇస్తాను, ఉంచేసుకోండి. చేతిలో ఉన్నదాన్ని మాత్రం అడక్కండి.