కంచరపాలెం మెట్టు నుంచి అరకు రైలు దాకా

మా ఇంట్లో సినిమా చూడటమంటే ముందు రిమోట్ కోసం యుద్ధం. అమ్మకు సీరియల్, నాన్నకు వార్తలు, నాకు ఓటీటీ. వర్క్ ఫ్రం హోమ్ దొరికిందని రాజమండ్రి వచ్చి నెలైంది. ఈ నెలలో ముగ్గురం కదలకుండా చివరిదాకా చూసినవి రెండే సినిమాలు. ‘కేరాఫ్ కంచరపాలెం’, ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’. రెండూ వెంకటేష్ మహా తీసినవే. మొదటిది 2018లో థియేటర్లకు వచ్చింది, రెండోది 2020 జులైలో నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లోకి. ఇన్నేళ్ళు లేటుగా చూశారా అని నవ్వకండి. మా ఇంట్లో ఏదైనా అంతే!

కంచరపాలెం సినిమాలో రాజు 49 ఏళ్ళొచ్చినా పెళ్లికాని అటెండరు. ఊరంతా అతని పెళ్లి గురించే మాట్లాడుతుంది. సినిమా సగంలో ఉండగానే అమ్మ నావైపు తిరిగింది.

“చూశావా? సంబంధం తెచ్చిన ప్రతిసారీ వచ్చే నెల, వచ్చే నెల అంటే ఇదిగో, ఇలాగే అవుతుంది.”

నేను నవ్వేసి ఊరుకున్నాను. నవ్వకపోతే దొరికిపోతానని భయం. ఎందుకంటే ఆఫీసులో నా పక్క టీమ్‌లో ఒకమ్మాయి ఉంది. గుంటూరు. క్రిస్టియన్. రెండేళ్లుగా ఇంట్లో చెప్పలేకపోతున్నాను. అదే సినిమాలో జోసెఫ్, భార్గవిల కథ నడుస్తుంటే సోఫాలో నేను ఎలా కూర్చున్నానో నాకే తెలుసు. ఆ కథ ఎక్కడ ఆగిందో చూసినవాళ్ళకు తెలుసు, చూడనివాళ్ళకు చెప్పి పాడుచేయను. నాన్న మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. సినిమా అయిపోయాక చాలాసేపటికి, “ఆ ఊరు ఒకసారి చూసొద్దామా?” అన్నారు.

రిటైరయ్యాక నాన్న తనంతట తాను ఎక్కడికైనా వెళదామనడం ఇదే మొదలు. అమ్మకు పక్కింటి పెళ్లి పనులు. శనివారం పొద్దున్నే మేమిద్దరం విశాఖ రైలెక్కేశాం.

కంచరపాలెం మనం ఊహించుకునేలాంటి పల్లెటూరు కాదు. విశాఖ నగరం మధ్యలోనే ఉంది. రైల్వే స్టేషన్ నుంచి ఆటోలో కాసేపే. ఒకపక్క రైల్వే వాళ్ళ ఇళ్ళు, ఇంకోపక్క పాలిటెక్నిక్ కాలేజీ, రైతు బజారు. కంచరపాలెం మెట్టు దగ్గర దిగి లోపలి వీధుల్లోకి నడిచాం. అరుగుల మీద కబుర్లు, సందుకొక గుడి, గోడకు ఆనించిన సైకిళ్ళు. సినిమా కోసం వేసిన సెట్టేమీ కాదని అర్థమైపోయింది. నటుల్లో ఎక్కువమంది కూడా అంతకుముందు కెమెరా ముందు నిలబడని ఆ చుట్టుపక్కల వాళ్ళే కదా.

టీ కొట్టు దగ్గర నాన్న మొహమాటపడుతూనే అడిగారు, “ఇక్కడేనా సినిమా తీసింది?” అని.

“ఇక్కడే బావూ! మీరూ చూసారేటి?” అన్నాడు కొట్టాయన. “ఇక్కడ అందరూ యాక్టర్లే, కెమెరా ఉన్నా నేకపోయినా!”

నాన్న అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్లయిందో. అసలు ఆ యాసే ఆ సినిమాకు సగం ప్రాణం. మనకు సినిమాల్లో ఉత్తరాంధ్ర యాస అంటే కామెడీకి వాడేదనే అలవాటు. అందులో మాత్రం ప్రేమ, కోపం, ఏడుపు అన్నీ ఆ యాసలోనే ఉన్నాయి.

మర్నాడు రెండో సినిమా ఊరు. ఫహాద్ ఫాజిల్ నటించిన మలయాళ సినిమా ‘మహేషింటె ప్రతీకారం’ కథను ఇడుక్కి కొండల నుంచి అరకు లోయకు తెచ్చారు. సత్యదేవ్ అందులో ఫొటోగ్రాఫర్. నలుగురిలో తన్నులు తిని, పగ తీర్చుకునేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టు పెట్టుకుంటాడు. నాన్నకు ఆ సినిమాలో పగ కన్నా ఆ కొండలే నచ్చాయట.

విశాఖలో కిరండూల్ పాసింజర్ పొద్దున ఏడింటిలోపే బయల్దేరుతుంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. శృంగవరపుకోట దాటాక కొండెక్కడం మొదలవుతుంది. ఆ తర్వాత సొరంగాలే సొరంగాలు. లైను మొత్తం మీద 50కి పైగా ఉన్నాయి. చీకటి పడగానే పెట్టెలో పిల్లలందరూ ఒకటే అరుపు, వెలుగు రాగానే ఒక లోయ. ఫోన్‌లో సిగ్నల్ పోయింది. ఇయర్‌ఫోన్స్ తీసి బ్యాగులో పడేశాను.

బొర్రా గుహలు స్టేషన్‌లో సగం పెట్టె ఖాళీ అయింది. ఇంక చెప్పేద్దామనుకున్నాను. ఎదురుగా నాన్న, చేతిలో వేరుశనగకాయల పొట్లం.

“నాన్నా, ఒకమ్మాయి ఉంది.”

ఇంకో సొరంగం వచ్చింది. చీకట్లోనే మిగతాదంతా చెప్పేశాను, మతంతో సహా. వెలుగు వచ్చేసరికి నాన్న కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. దాదాపు 1,000 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ స్టేషన్ వచ్చింది, పోయింది. ఆయన నోరు విప్పలేదు. ప్రొడక్షన్ సర్వర్ డౌన్ అయిన రాత్రి కూడా నేను అంత కంగారు పడలేదు.

అరకులో దిగి కాఫీ తీసుకున్నాం. అక్కడి కొండల్లో గిరిజన రైతులు పండించిన గింజలతో చేసిందే. సగం తాగాక అడిగారు, “వాళ్ళ నాన్నగారు ఏం చేస్తారు?”

“టీచర్.”

“వాళ్ళింట్లో చెప్పిందా?”

“ఇంకా లేదు.”

“మరి ఇద్దరూ ఎవరికోసం ఆగారు?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. గ్లాసు పక్కన పెట్టి, “నాకూ కష్టంగానే ఉందిరా. అబద్ధం చెప్పను. కానీ నువ్వు ఏదో దాస్తున్నావని ఆ సినిమా చూసిన రోజే అనిపించింది. అమ్మకు నేను చెప్పను, నువ్వే చెప్పాలి. చెప్పేటప్పుడు పక్కన ఉంటా,” అన్నారు.

అది ఒప్పుకోలో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. సాయంత్రం బస్సులో కొండ దిగుతుంటే మాత్రం నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు.

అమ్మకు ఇంకా చెప్పలేదు. కానీ ఈ వారపత్రిక లింకులు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంటాయి. కాబట్టి మీరు ఇది చదివేలోపు నేను చెప్పేసి ఉండాలి.