కరెంటు పెడితే కాలు లేస్తుందా?

కళ్యాణదుర్గం పల్లెల్లో శెనక్కాయ ఇంటికొచ్చే రోజుల్లో మా ఓపీకి ఒక రకం కేసులు వస్తుంటాయి. పొద్దస్తమానం గొంతుకూర్చుని కాయలు విడిపించిన ఆడకూలీలకు మోకాలి పక్కన ఎముక మీదుగా పోయే నరం నలిగి, పాదం పైకి లేవదు. "చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలీలేదు సార్" అంటారు. వాళ్లలో ఒకామె అడిగింది: "కరెంటు పెడితే కాలు లేస్తాదంట గదా సార్?"

ఆ ప్రశ్న వెనక పెద్ద కథే ఉంది. నరం వదిలే రసాయనం అసిటైల్‌కోలిన్‌ను అందుకునే రిసెప్టార్లు కండర పోగు మీద ఒక్కచోటే, నరం కొస తగిలేచోట, చదరపు మైక్రానుకు సుమారు 10,000 చొప్పున కిక్కిరిసి ఉంటాయి. నరం తెగితే కొద్ది రోజుల్లోనే పోగు పొడవునా పుట్టుకొస్తాయి. 1959లో ఆక్సెల్సన్, థెస్లెఫ్ అనే శాస్త్రవేత్తలు పిల్లి కండరాల్లో ఈ మార్పును చూపారు. నరం నుంచి ఏదో పదార్థం అందకే ఇలా అవుతోందని చాలామంది అనుకున్నారు. 1972లో లోమో, రోసెంతాల్ నరం తెగిన ఎలుక కండరానికి నేరుగా కరెంటు పెట్టి చూస్తే ఆ మార్పు వెనక్కి మళ్లింది. నరం లేకున్నా కండరం ఆడితే చాలన్నమాట.

పోగు మీద విద్యుత్ తరంగం పాకినప్పుడల్లా లోపల కాల్షియం కదులుతుంది. ఆ కబురు కేంద్రకాలకు చేరి రిసెప్టార్ జన్యువులను అణచిపెడుతుంది. నరం కొస కింది కేంద్రకాలకు మాత్రం నరం వదిలే అగ్రిన్ అనే ప్రొటీన్ అండ ఉంటుంది. తరంగం ఆగితే మయోజెనిన్ అనే ప్రొటీన్ పెరిగి ఆ జన్యువులను మళ్లీ పనిలో పెడుతుంది. వానలు మొహం చాటేస్తే మా సీమలో చేనుకో బోరు దింపినట్టు, కండరం ఒళ్లంతా రిసెప్టార్లు వేసుకుంటుంది.

ఆమెతో అన్నాను: "కరెంటు కండరాన్ని ఆడిస్తుంది గానీ నరాన్ని మొలిపించదమ్మా. అది రోజుకు మిల్లీమీటరు చొప్పున తానే పెరగాలి. ముందు గొంతుకూర్చునేది మానుకో."

ఇలా పెరిగిన రిసెప్టార్లు ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తాయి. చింతచెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతిని, కాళ్లు చచ్చుబడి మూడు వారాలుగా మంచంలో ఉన్న కుర్రాడికి అర్జెంటుగా కడుపు ఆపరేషన్ చేయాల్సొచ్చింది. మత్తు డాక్టరుగారు ట్రేలోని స్కోలిన్ (కండరాలను సడలించే మందు) సిరంజిని పక్కన పెట్టి, అదే పనికి వాడే రోక్యురోనియం తెప్పించారు. మామూలు మనిషికి స్కోలిన్ ఇస్తే రక్తంలో పొటాషియం లీటరుకు 0.5 మిల్లీమోల్ దాకా పెరుగుతుంది. ఇలాంటి కండరాల్లోనైతే ఆ మందుకు పోగు పొడవునా ఉన్న రిసెప్టార్లన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. పొటాషియం రక్తంలోకి పోటెత్తి గుండె ఆగిపోవచ్చు. ఒళ్లు బాగా కాలినవాళ్లకూ, ఐసీయూలో రోజుల తరబడి కదలకుండా ఉన్నవాళ్లకూ ఇదే గండం.

అందుకే మంచాన పడ్డ మనిషి ఆపరేషన్‌కు వస్తే, బీపీ, షుగర్ పక్కనే కాళ్లూ చేతులూ ఎన్నాళ్లుగా ఆడటం లేదో కేస్‌షీట్‌లో రాయిస్తాను. రెండు మూడు రోజులు దాటితే స్కోలిన్ జోలికి పోము.