మందువాసన పోయిన నీరు

మా తొండూరు ప్రాంతమున వేసవి యెట్టిదో కడపజిల్లా సోదరీమణులకు నేను చెప్పనక్కర లేదు. ఎండ 40 డిగ్రీలు దాటిన దినములలో మిద్దెపైని తొట్టిలో నీరు మధ్యాహ్నమునకు స్నానమునకు కాచినట్లే యుండును. మా పొరుగింటి పెద్దమ్మ కుళాయినీటిని బిందెతో పట్టి, మూత లేకుండ ఎండలో నుంచి, సాయంకాలము వాసన చూచి, "మందువాసన పోయింది, ఇంక నీళ్లు మంచివయినాయి" అని తృప్తిపడును. ఆ యింట పసిబిడ్డ కలదు. అందువలననే యీ సంగతి వ్రాయ దలచితిని.

ఆ వాసన క్లోరిన్‌ది. షీలే యను రసాయనవేత్త 1774లో కనిపెట్టిన యీ వాయువునకు, దాని పసుపుపచ్చని రంగునుబట్టి 1810లో డేవీ పండితు డీ పేరు పెట్టెను. ఉప్పు, పంచదార వేడినీట త్వరగాను ఎక్కువగాను కరగుట మన మెరుగుదుము. వాయువుల తీరు వేరు. పొయ్యిమీది గిన్నెలో నీరు మరుగకమునుపే అడుగున సన్నని బుడగలు పట్టును గదా! అవి నీటిలో కరగియున్న గాలి, వేడికి నిలువలేక వెలికి వచ్చుటయే. క్లోరిన్ సయిత మిట్టిదే. స్వచ్ఛమైన వాయువును పంపినచో లీటరు నీటిలో 10 డిగ్రీలవద్ద సుమారు 10 గ్రాములు, 20 డిగ్రీలవద్ద 7 గ్రాములు కరగును. 40 డిగ్రీలవద్ద నాలుగున్నర గ్రాములకు మించదు. మిక్కిలి చల్లనినీట నది నీటితో కూడి స్ఫటికములుగా పేరుకొనును. ఆ స్ఫటికములనే 1823లో ఫారడే మూసిన గాజుగొట్టములో వేడిచేయగా, విడివడిన వాయువు పోవుటకు దారి లేక నూనెవలె ద్రవమై నిలిచినది! వంటింటి మూత విలువ నింతకంటె చక్కగా చూపు ప్రయోగము నేను వినలేదు.

అయితే మన బిందెలో గ్రాముల లెక్క లేదు. త్రాగునీట మిగిలి యుండవలసినది లీటరునకు 0.2 మిల్లీగ్రాములు మాత్రమే. అదియు నధికభాగము వాయురూపమున నుండక, నీటితో కలిసి హైపోక్లోరస్ ఆమ్లముగా మారియుండును. దీనికి వేడికంటె ఎండ పెద్ద శత్రువు. సూర్యరశ్మి దానిని విరుగగొట్టును. వేడి యా క్షయమును త్వరపెట్టును. తెరచిన మూతినుండి పోయిన వాయువు తిరిగి రాదు.

పెద్దమ్మకు నేను చెప్పిన దిది: వాసన పోయినంతమాత్రమున నీరు చెడలేదు, కాని దాని కావలివాడు వెడలిపోయినాడు. అటుపిమ్మట బిడ్డ చేయి ముంచినను, ఈగ పడినను, చేరిన క్రిమిని చంపువా డుండడు. ఆమె ఒప్పుకొనలేదు. "వాసన నీళ్లు బిడ్డ తాగదమ్మా" అన్నది. అదియు నిజమే. కావున త్రాగుటకు ముందు చెంబెడు నీరు మాత్రము కొంతసేపు విడిగా నుంచి, బిందెను నీడలో మూతపెట్టి యుంచుమంటిని. కాచిన నీటికిని మూత యవశ్యము. మరిగిన నీట క్లోరిన్ దాదాపు మిగులదు.

బావిలో చల్లు బ్లీచింగుపొడిని సయితము రేకులకొట్టములో దాచరాదు. వేసవివేడికి సంచిలోనే దాని సత్తువ తగ్గిపోవును.